పన్నెండో కాలమ్, ఒక ఫ్లెక్సీ: ఐబీకి ఎంపికైన కుర్రాడి అటెస్టేషన్ కేసు

ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే వచ్చాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివరి మేడ మీద గదిలో ఏడాదిన్నర ఉండి చదువుకున్న కుర్రాడు. ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ)లో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో అటెస్టేషన్ ఫారం, అంటే పోలీసు వెరిఫికేషన్ కోసం సొంత వివరాలు రాసిచ్చే ఫారం, మూడు కాపీలు.

"అన్నీ నింపేశాను సార్. గెజిటెడ్ సంతకం ఎవరితో పెట్టించాలో చెప్తే చాలు" అన్నాడు.

నేను కళ్లజోడు పెట్టుకుని నేరుగా పన్నెండో కాలమ్‌కి వెళ్లాను. ఇరవై ఎనిమిదేళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కూర్చున్నవాడికి ఆ అలవాటు పోదు. పేరు, ఊరు తర్వాత చూస్తాం. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూట్ చేశారా, నిర్బంధంలో ఉంచారా, బైండోవర్ చేశారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా అంటూ ఆ కాలమ్‌లో వరసగా ప్రశ్నలుంటాయి. ప్రతిదానికీ విడిగా జవాబు రాయాలి. ఇతను మొదటి మూడింటికి 'నో' రాసి, మిగతా వాటికి డిట్టో మార్కులు పెట్టాడు.

"నీ మీద ఎప్పుడూ ఏ కేసూ లేదా?"

"లేదు సార్." కాసేపు ఆగాడు. "ఒకటుంది గానీ, అది కేసు కాదు సార్. రాజీ అయిపోయింది."

కాఫీ పక్కన పెట్టేశాను.

మొదలుపెట్టే ముందు నా సంగతి చెప్పాలి. నేను ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేయలేదు. చేసి ఉంటే ఇది రాసే వీలుండేది కాదు. 2021 మేలో కేంద్రం పెన్షన్ నిబంధనలు సవరించాక అలాంటి సంస్థల్లో రిటైరైనవాళ్లు ఆ సంస్థ పనికి సంబంధించి ఏం ప్రచురించాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. నేను వేరే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో నియామకాలు, సర్వీస్ బుక్కులు, వెరిఫికేషన్లు చూసినవాణ్ని. రిటైరయ్యాక ఉద్యోగం వచ్చిన పిల్లల కాగితాలు చూసిపెడుతున్నాను. కాబట్టి ఇందులో ఉన్నదంతా గుమ్మం బయటి కథ. ఐబీలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ గ్రేడ్-2 పోస్టులకు 2023 నవంబర్‌లో 995, 2025లో 3,717 ఖాళీలతో నోటిఫికేషన్లు వచ్చాయి. ఇతను ఏ విడతవాడో చెప్పను. కొన్ని వివరాలు కావాలనే మార్చాను.

పరీక్ష సంగతి అందరికీ తెలిసిందే. మొదటి దశ 100 మార్కులు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. రెండోది వ్యాసరూపంలో 50, ఇంటర్వ్యూ 100. కోచింగ్ సెంటర్లు అక్కడిదాకా చెప్పి ఊరుకుంటాయి. ఆ తర్వాత వచ్చే పూర్వాపరాల విచారణకు మార్కులుండవు గానీ, అక్కడ ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు.

పొలం గట్టు దగ్గర మొదలైన కథ

వాళ్ల ఊరు సాగర్ కుడి కాలువ కింద, బాగా చివరన. నీళ్లు అందని ఒక ఏడాది మిరప తోటలు ఎండుతుంటే కాలువ దగ్గర రెండు కుటుంబాలు తగువు పడ్డాయి. అవతలివాళ్లు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇచ్చారు. తండ్రి ఏ-1, అంటే మొదటి నిందితుడు, బాబాయి ఏ-2, ఆ రోజు గుంటూరు హాస్టల్లో ఉన్న మన కుర్రాడు ఏ-3. మా వైపు ఇదేం వింత కాదు. చదువుకునే కొడుకు పేరు కూడా ఇరికిస్తేనే అవతలివాళ్లు దిగొస్తారని చాలామంది లెక్క. రెండేళ్లకు ఊరి పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడారు. లోక్ అదాలత్‌లో సంతకాలయ్యాయి, అక్కడితో ముగిసింది. ఇప్పుడు ఆ రెండు కుటుంబాలూ ఒకే ట్రాక్టర్ మీద గుంటూరు యార్డుకు కాయలు పంపుతున్నారట.

"మా మామయ్య కోర్టులో పనిచేసే ఒకాయన్ని అడిగాడు సార్. రాజీ అయితే కేసు లేనట్టేనన్నాడు. అందుకే నో రాశాను."

ఆ కోర్టాయన సగం నిజం చెప్పాడు. అప్పటి సీఆర్‌పీసీ 320వ సెక్షన్ కింద కేసు రాజీ అయితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ 'మీకు శిక్ష పడిందా' అన్నది పన్నెండో కాలమ్ అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రమే. 'మిమ్మల్ని ఎప్పుడైనా ప్రాసిక్యూట్ చేశారా' అని ఇంకొకటి ఉంది. ఛార్జిషీటు పడింది, కోర్టు సి.సి. నంబరు (కోర్టు కేసు నంబరు) ఇచ్చింది, వాయిదాలకు తిరిగాడు. దానికి జవాబు 'అవును' తప్ప ఇంకోటి కాదు. ఫారం మొదటి పేజీలోనే హెచ్చరిక ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్న విషయం దాచినా అనర్హతే. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

నాకు ఈ పట్టుదల ఎందుకో అతనికి చెప్పాను, ఇక్కడా చెప్తాను. చాలా ఏళ్ల కిందట మా ఆఫీసులో ఒక గుమస్తా చేరాడు. చేరిన ఏడు నెలలకు పోలీసు రిపోర్టు వచ్చింది. అతని మీద టౌన్ న్యూసెన్స్ చట్టం కింద చిన్న కేసుంది, కోర్టులో వంద లోపు జరిమానా కట్టేశాడు. ఫారంలో మాత్రం 'లేదు' అని రాశాడు. 1965 నాటి టెంపరరీ సర్వీస్ రూల్స్ ఐదో నిబంధన కింద నెల నోటీసుతో ఇంటికి పంపారు. వందరూపాయల తప్పుకు పోయేది కాదు ఆ ఉద్యోగం, రెండక్షరాల 'నో'కి పోయింది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. వాళ్లమ్మ మా సెక్షన్ బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది.

ఇప్పుడు పరిస్థితి అంత బిగుసుకుని లేదు. 2016 జులైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ గొడవకు ఒక దారి చూపింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర విషయం దాచి ఉంటే యాజమాన్యం క్షమించి వదిలేయవచ్చు. ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉంటేనే, దాచారని అనగలరు. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనవాళ్లు పట్టించుకోరు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. ముగిసిపోయిన కేసునైనా పరిశీలించే హక్కు యాజమాన్యానికి ఉంది. ఇది విని కుర్రాడి ముఖం వాడిపోయింది.

"అయితే రాస్తే కూడా పోవచ్చా సార్?"

"పోవచ్చు. రాయకపోతే మాత్రం ఎప్పుడు పోతుందో తెలియకుండా బతకాలి."

కొంచెం కటువుగానే అన్నాను. తర్వాత మా ఆవిడ నన్ను కోప్పడింది కూడా.

కాగితాల వేట

అతనికి సెక్షన్లు గుర్తులేవు. "324 అనుకుంటా సార్" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. 324 అంటే ఆయుధంతో గాయపరచడం, చట్టం ప్రకారం అది రాజీ కుదిరే సెక్షన్ కాదు. అది నిజమైతే లోక్ అదాలత్‌లో ముగిసిందన్న మాటే నిలబడదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో తండ్రి పేరుతో వెతికాం. ఇంగ్లీషులో ఇంటిపేరు స్పెల్లింగ్ మూడు రకాలుగా మార్చాక దొరికింది. 341, 323, 506, వాటికి 34 కలిపి. దారికి అడ్డం నిలవడం, కొట్టడం, బెదిరించడం; 34 అంటే ఒకే ఉద్దేశంతో కలిసి చేశారని. అన్నీ రాజీ కుదిరేవే. ఊళ్లో ఎవరో 'మూడొందల ఇరవై నాలుగు పెట్టిస్తాం' అని బెదిరించిన మాట అతని బుర్రలో నాలుగేళ్లు ఉండిపోయింది.

ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ ఉత్తర్వు) మూడింటికీ కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టించాను. జిరాక్స్ పనికిరాదు, సర్టిఫైడ్ కాపీ కావాలి. అవి వచ్చేలోపు ఫారంతో జతచేసే వివరణ రాసుకు రమ్మన్నాను. రెండు పేజీలు రాసుకొచ్చాడు. తాత కాలంనాటి గట్టు తగాదాతో మొదలై, అవతలివాళ్ల స్వభావం మీదుగా, 'ఇది పూర్తిగా తప్పుడు కేసు' అన్న చోట ముగిసింది. కుర్రాడు నిజంగానే ఆ రోజు ఊళ్లో లేడు, ఆ కోపం న్యాయమే. కానీ కోర్టు ఆ కేసును తప్పుడు కేసని కొట్టేయలేదు, ఇరుపక్షాలూ రాజీపడ్డాయని మూసేసింది. కోర్టు అనని మాట మనం ఫారంలో అంటే, చదివే అధికారి వేలు ఆ వాక్యం దగ్గరే ఆగుతుంది.

రెండు పేజీలూ కొట్టేశాను. ఇంగ్లీషులో రాయించింది తెలుగులో చెప్తే ఇంతే:

"ఫలానా పోలీస్ స్టేషన్, ఫలానా క్రైమ్ నంబరు కేసులో నేను మూడో నిందితుణ్ని. సెక్షన్లు 341, 323, 506 రెడ్ విత్ 34 ఐపీసీ. నన్ను అరెస్టు చేయలేదు, 41-ఏ నోటీసు ఇచ్చారు. ఛార్జిషీటు దాఖలై ఫలానా సి.సి. నంబరుగా విచారణకు వచ్చింది. ఫలానా తేదీన లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలు రాజీపడగా ముగిసింది. సర్టిఫైడ్ కాపీలు జతచేశాను. ఇది తప్ప నా మీద వేరే కేసు లేదు."

41-ఏ నోటీసు, అంటే అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పోలీసులిచ్చే నోటీసు, సంగతి కావాలనే పెట్టించాను. స్టేషన్‌కి పిలిచారు కదా, అరెస్టే అనుకుంటారు చాలామంది. నోటీసు ఇచ్చి పంపేస్తే అది అరెస్టు కాదు. భయపడి 'అరెస్టయ్యారా' దగ్గర కూడా 'అవును' రాస్తే అదీ తప్పు సమాచారమే. కాబట్టి అరెస్టుకు 'నో', ప్రాసిక్యూషన్‌కు 'ఎస్', జరిమానాకు 'నో', శిక్షకు 'నో', ఇప్పుడు పెండింగ్ ఉందా అంటే 'నో'. ఒక్క డిట్టో కూడా లేకుండా ఫారం మొత్తం మళ్లీ రాశాడు.

కులం సర్టిఫికెట్ దగ్గర పెద్ద ఇబ్బంది రాలేదు. సచివాలయంలో ఇచ్చే రాష్ట్ర నమూనా కాకుండా కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు, అది ముందే చూసుకోవాలి.

చిరునామాలు, నా తప్పు

గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారో ఆ స్టేషన్ పరిధితో సహా రాయాలి. నేనెప్పుడూ ఒకటే చెప్తాను: పోలీసులు వెళ్లే ముందు ఆ చిరునామాలకు మనమే ఒకసారి వెళ్లి రావాలి. అతని బండి మీద గుంటూరు వెళ్లాం. బ్రాడీపేటలో అతనున్న హాస్టల్ ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబ్ అయింది. ఓనరు మారాడు, వాచ్‌మన్ మారాడు. ల్యాబ్ పిల్ల "ఇక్కడ హాస్టలా?" అని మమ్మల్నే అడిగింది. కుర్రాడు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఎదురుగా కర్రీ పాయింట్ ఉంది. గరిటె పట్టుకుని బయటికొచ్చిన ఆవిడ ఇతన్ని చూడగానే, "నువ్వు ఆ వంకాయ ముట్టని అబ్బాయివి కదూ! ఇంత చిక్కిపోయావేంటి నాన్నా?" అంది. రెండేళ్లు రోజూ రెండు పూటలా అక్కడే కూర కొనుక్కున్నాడట. అంతకంటే పెద్ద సాక్షి ఎవరు? ఎవరైనా వచ్చి అడిగితే ఉన్నది చెప్పమని ఆవిడకు చెప్పాం, అంతే. పాత ఓనరుకు నెలనెలా ఫోన్‌పేలో కట్టిన అద్దె హిస్టరీ కూడా ప్రింట్ తీయించాను, అడిగితే చూపడానికి.

తెలిసినవాళ్లుగా ఇద్దరి పేర్లు ఇవ్వాల్సిన చోట ఒక నాయకుడి పేరు రాస్తానన్నాడు. వద్దన్నాను. ఫోన్ చేస్తే 'ఏ అబ్బాయి?' అనేవాడి పేరు ఎంత పెద్దదైతే ఏం లాభం? హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారి పేరూ, ఊళ్లో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన ఆయన పేరూ రాయించాను.

ఇంత జాగ్రత్త చెప్పిన నేనే పప్పులో కాలేశాను. శాశ్వత చిరునామాలో అతను 'గుంటూరు జిల్లా' అని రాస్తే చూసి టిక్కు పెట్టాను. నేను పుట్టిందీ పాత గుంటూరు జిల్లాలోనే, నా చెవికి ఆ మాట సహజంగా వినిపించింది. కానీ 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊరు పల్నాడు జిల్లా, కేంద్రం నరసరావుపేట. పదో తరగతి సర్టిఫికెట్‌లో పాత జిల్లా, ఆధార్‌లో పాత జిల్లా, కొత్త ఓబీసీ సర్టిఫికెట్‌లో కొత్త జిల్లా. ఫారం పాత జిల్లాకు వెళ్లి, 'మా పరిధిలోది కాదు' అని తిరిగొచ్చి, మళ్లీ సరైన చోటికి చేరేసరికి రెండు నెలలు దాటింది. అతనితో పాటు ఎంపికైనవాళ్లకు పిలుపులు వస్తుంటే ఇతను రోజూ ఫోన్ చేసేవాడు. టెన్షన్ అతనికెంతో నాకూ అంతే. కేసు వల్లే ఆగిందని ఇంట్లో ఏడుపులు. కారణం కేసు కాదు, నా టిక్కు. ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే: మీ ఊరు 2022 తర్వాత ఏ జిల్లా? విజయవాడ వాళ్లనైనా అడుగుతాను, కృష్ణా జిల్లా అని రాసే చేతికి ఎన్టీఆర్ జిల్లా అలవాటు కావడానికి టైము పడుతుంది.

ఫ్లెక్సీ

ఈ మధ్యలో తండ్రి నన్ను చూడ్డానికి వచ్చారు. రెండు కేజీల మిరపకాయలు, ఫోన్లో ఒక ఫొటో తెచ్చారు. ఊరి బస్టాపు దగ్గర పదడుగుల ఫ్లెక్సీ. కుర్రాడు అద్దె కోటులో నిలబడి ఉన్నాడు, వెనక ప్రకాశం బ్యారేజీ, కింద వరసగా మేనమామలు, బాబాయిలు. 'ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా ఎంపికైన మా ఊరి ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు.'

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఎప్పుడు కట్టారండీ?"

"ఫలితం వచ్చిన మర్నాడే సార్. మా బామ్మర్ది కట్టించాడు. కోచింగోళ్లు కూడా వాడి ఫొటో ఆటోల వెనక వేస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?"

ఆయన్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు, అబద్ధం చెప్పడమూ ఇష్టం లేదు. ఉన్నది చెప్పాను. నిఘా సంస్థల ఉద్యోగులకు 1985లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. దానికి దారి వేస్తూ అంతకు ముందు ఏడాదే రాజ్యాంగం 33వ అధికరణాన్ని సవరించారు. ఆ చట్టం కింద వాళ్లు యూనియన్ పెట్టకూడదు, సంస్థ గురించి పత్రికలకెక్కకూడదు. మీరితే రెండేళ్ల దాకా జైలు ఉంది. ఆ చట్టం తండ్రికి వర్తించదు. కుర్రాడింకా చేరలేదు గనక అతనికీ వర్తించదు. ఫ్లెక్సీ కట్టడం నేరం కాదు. కానీ విదేశీ నిఘా చూసే 'రా'లో 1975 నాటి సర్వీస్ రూల్స్‌లో 135వ నిబంధన ఉంది. గుర్తింపు బయటపడి పనికి పనికిరాకుండా పోయిన అధికారిని ముందుగానే రిటైర్ చేయవచ్చు. 2020లో సుప్రీంకోర్టు అది సరేనంది. వేరే సంస్థ రూలే, కానీ ఆ లోకంలో ముఖం ఎంత విలువైందో దాన్నిబట్టి తెలుస్తుంది. మనవాడి ముఖం పదడుగుల సైజులో బస్టాపులో వేలాడుతోంది.

పైగా ఎంపిక ఖరారు కాలేదు. విచారణకు వచ్చేవాళ్లు ఆ బస్టాపులోనే దిగుతారు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఊరంతా చూసేశారు కదండీ. ఇప్పుడు తీసేస్తే ఉద్యోగం పోయిందనుకుంటారు."

దానికి నా దగ్గర ఏ రూలూ లేదు. కోచింగ్ వాళ్లకు మాత్రం నేనే ఫోన్ చేసి వద్దని చెప్పాను. వాళ్లు బతిమాలారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, ఫొటో మాత్రం కుర్రాడిది.

తర్వాత

పల్నాడు పోలీసులు వెళ్లారు, స్టేషన్ రికార్డు చూశారు, ఊళ్లో అడిగారు. ఏ కుటుంబం ఫిర్యాదు ఇచ్చిందో ఆ ఇంటి పెద్దే "పిల్లాడు మంచివాడండీ" అని చెప్పాడట. గుంటూరులో కర్రీ పాయింట్ దగ్గరికి ఎవరైనా వచ్చారో లేదో మాకు తెలియదు. కేసు వివరాల మీద అదనంగా ఒక లేఖ వచ్చింది, అవార్డు కాపీ మళ్లీ అడుగుతూ. పంపాం. ఆలస్యానికి కారణం తెలుసుకుందామని వాళ్ల బాబాయి సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతానంటే ఆపాను. ఆ చట్టం 24వ సెక్షన్ ఐబీ లాంటి సంస్థలను పక్కన పెట్టింది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలైతే తప్ప అడిగినా రాదు. వర్షాకాలం అయిపోతుండగా ఆఫర్ లెటర్ వచ్చింది.

పే లెవెల్ 7, అంటే మూలవేతనం 44,900, దాని మీద 20 శాతం ప్రత్యేక భద్రతా అలవెన్సు. సెలవు రోజుల్లో చేసిన డ్యూటీకి ఏడాదికి 30 రోజుల దాకా నగదు. దేశంలో ఎక్కడికైనా బదిలీ. జీతం లెక్క ఊళ్లో అందరికీ నోటికొచ్చేసింది, బదిలీ మాట వాళ్లమ్మ ఒక్కావిడకే గుర్తుంది. చేరాక ఎక్కడ వేశారో నాకు తెలియదు, నేను అడగలేదు. ఒకే ఒక్కసారి ఫోన్ చేశాడు. సర్వీస్ బుక్కు కోసం హోమ్ టౌన్ డిక్లరేషన్ రాయిస్తున్నారట.

"జిల్లా ఏది రాయాలి సార్?"

"పల్నాడు" అన్నాను, ఈసారి గట్టిగా.

మొన్న వేసవి మొదట్లో అకాల వానలు పడ్డప్పుడు తండ్రి ఫోన్ చేశారు. కల్లంలో ఆరబోసిన కాయలు తడవకుండా ఎలా గట్టెక్కారో చెప్తున్నారు. పట్టాలు చాల్లేదట, ఇంట్లో మడిచిపెట్టిన ఆ ఫ్లెక్సీ తీసి కప్పారట.

"బొమ్మ పైకి వేశారా, కిందికా?" అని అడిగాను.

"కిందికేనండీ, కాయల వైపు. రెండేళ్ల నుంచీ అటకమీద అలాగే తిరగేసి పెట్టాం."